బ్రతికి ఉండగా అమలయ్యే వీలునామా

వీలునామా అనే మాట మనకు క్రొత్తది కాదు. ఇంగ్లీషువారి విల్లుకు పారశీకుల నామాను తగిలించి మన పెద్దలు దానిని తెలుగు మాటగా చేసుకొన్నారు. ఇల్లు పెద్దవాడికి, మాగాణి చిన్నవాడికి, కాసులపేరు కూతురికి అని వ్రాసిపెట్టి కన్నుమూసిన తాతలు మన అందరి యిండ్లలోను ఉన్నారు. అయితే ఆ కాగితానికి ఒక లక్షణమున్నది. వ్రాసినవాడు పోయిన తరువాత గాని అది నోరు విప్పదు. వ్రాసినవాడు ఇంకా ఉండగానే, మాట పడిపోయి, తెలివి తప్పి, ఆసుపత్రి మంచము మీద పడివున్న రోజులలో అతని తరపున మాట్లాడే కాగితం వేరొకటి కావలెనని లోకానికి తోచి అరవై ఏండ్లయినా కాలేదు. మన దేశంలో దానికి న్యాయస్థానపు ముద్ర పడి పదేండ్లు కూడా కాలేదు. దానినే లివింగు విల్లు అంటున్నారు. ఈ ఉగాది సంచికలో దాని కథను కొంత చెప్పవలెనని మా ఉద్దేశము.

పండుగపూట ఈ చావు ముచ్చట యేమిటని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చును. పంచాంగ శ్రవణంలో ఆదాయముతో పాటు వ్యయమును, రాజపూజ్యముతో పాటు అవమానమును విని తలయూపే జాతి మనది. పచ్చడిలో వేపపూవును నమిలి మింగుతాము. ఈ మాత్రం ఓర్చుకోగలరనే మా నమ్మకం.

బెంగుళూరు తెలుగువారికి ఈ విషయం ఎందుకు దగ్గరిదో ముందు చెప్పవలెను. 1864లో జోలార్‌పేట నుండి దండు స్టేషనుకు రైలు వచ్చినది. (మా శాఖ సంగతి కనుక తారీఖు చెప్పకుండా ఉండలేము.) అంతకు ముందే ఇక్కడ స్థిరపడిన తెలుగువారు కొల్లలు, ఆ తరువాత వచ్చినవారికి లెక్కలేదు. నిన్న మొన్నటి వరకు మన పద్ధతి ఒక్కటే. కొడుకు ఉద్యోగానికి వచ్చేవాడు, తల్లిదండ్రులు ఊరిలో ఉండేవారు, వేసవి సెలవులకు పిల్లలను తీసుకొని రైలెక్కి పోయేవారము. ఇప్పుడు వ్యవహారం తిరగబడినది. కొడుకు ఇక్కడ ఇల్లు కట్టుకొని తల్లిదండ్రులను పిలిపించుకొంటాడు. వారు ఊరిలోని పెంకుటిల్లు అమ్ముకొని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సులో వచ్చి దిగుతారు. నాలుగేండ్లు తిరగకుండా కొడుకు సకుటుంబంగా డల్లాసుకో సింగపూరుకో వెళ్లిపోతాడు. పెద్దవారు తిరిగి పోవుటకు ఊరిలో ఇల్లు లేదు, ఉండుటకు ఇక్కడ మనిషి లేడు. ఇక మిగిలినది వృద్ధాశ్రమము.

వృద్ధాశ్రమమంటే మనకు నేటికీ ఒక బిడియము. కాని ఈ ఊరికి అది క్రొత్త సంస్థ కాదు. ఫ్రాన్సు దేశంలో 1839లో జాన్ జుగాన్ అనే ఆమె చూపు పోయిన ఒక ముసలమ్మను తన ఇంటికి తెచ్చుకొని తన మంచమే ఇచ్చినదట. ఆ విధంగా మొదలైన సన్యాసినుల సంఘం 1882లో కలకత్తాకు వచ్చి, 1900లో బెంగుళూరులో ఒక వృద్ధాశ్రమం పెట్టినది. హోసూరు రోడ్డున పోయేవారు దానిని చూచియే ఉంటారు. నూరేండ్లు దాటిన ఆశ్రమమది. ఆ కాలంలో అక్కడ చేరేవారు దిక్కులేని పేదలు. ఈ కాలంలో ఊరి పొలిమేరలలో వెలసిన క్రొత్త ఆశ్రమాలలో నెలనెలా రుసుము కట్టి ఉండేవారు దిక్కులేనివారు కారు. దిక్కు దూరంగా ఉన్నవారు. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం చేసి, పోషించని పిల్లలమీద మనోవర్తి అడిగే హక్కు పెద్దలకిచ్చినది. జిల్లాకొక్కటైనా నూటయాభై మందికి సరిపడే ఆశ్రమం ఉండవలెనని కూడా చెప్పినది. కూడు, గుడ్డ, కప్పు గురించి చెప్పిన ఆ చట్టం, ఆశ్రమంలో ఉన్న మనిషి కడపటి రోజులలో ఎవరి మాట చెల్లవలెనో చెప్పలేదు.

ఆ లోటు ఎటువంటిదో మేము ఒక పర్యాయం దగ్గరగా చూచినాము. మా సంఘం తరపున మేము కొందరము ఆదివారాలలో ఒక ఆశ్రమానికి పోయి అక్కడి తెలుగు పెద్దలకు పత్రికలు చదివి వినిపించేవారము. గుంటూరు జిల్లానుండి వచ్చిన ఒక పెద్దమ్మగారు అక్కడ ఉండేవారు. ఎనభై దాటిన మనిషి, నిక్షేపమువంటి జ్ఞాపకశక్తి. "నాయనా, మా ఆయనను పద్ధెనిమిది రోజులు గొట్టాలలో పెట్టినారు, చెయ్యి పట్టుకోనీయలేదు. నన్ను మాత్రం అట్లా చేయనీయవద్దని మా పిల్లలతో చెప్పండి" అని మాతో రెండు మూడు మార్లు అన్నారు. "మీరే చెప్పండి పెద్దమ్మగారూ" అంటే, "చెప్పబోతే ఆ అపశకునపు మాటలేమిటమ్మా అని ఫోను పెట్టేస్తారు" అనేవారు. ఒకనాటి రాత్రి ఆమెకు పక్షవాతం వచ్చినది. ఆశ్రమం మేనేజరు అంబులెన్సును పిలిచి ఒక పెద్ద ఆసుపత్రికి పంపినాడు. అతని విధి అది, తప్పు పట్టలేము. అక్కడ వెంటిలేటరు పెట్టుటకు సంతకం కావలెనన్నారు. అమెరికాలో ఉన్న కొడుకు పెట్టమన్నాడు, హైదరాబాదులో ఉన్న కూతురు వద్దన్నది. ఎవరి మాట పైదో తేల్చే కాగితం ఎవరి దగ్గరా లేదు. పెట్టినారు. ఇరువది ఆరు రోజులు గడిచిన తరువాత ఆమె పోయినారు. అన్నాచెల్లెళ్లకు ఆనాటినుండి మాటలు లేవు. ఆ కొడుకు దుర్మార్గుడు కాడు. దూరాన ఉన్నవాడికి "వద్దు" అనే మాట నోట రాదు.

మన పూర్వులు చావును ముందుగా తలచుకొనుటకు జంకినవారు కారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత పుట్టుటకు కారణం, వయసు మళ్లినవారు ఇంట్లో చెప్పవలసినవి చెప్పి, పంచవలసినవి పంచి, అక్కడే ప్రాణం విడువవలెనని పోయేవారు గనుక. కాశీలో ముక్తిభవన్ అనే సత్రములో నేటికీ చివరి దినములు గడుపుటకు వచ్చినవారికి రెండు వారాల వరకు గది ఇస్తారు. అక్కడ వైద్యుడు ఉండడు, భజన ఉంటుంది. ఇక మన కర్ణాటకలోనే శ్రవణబెళగొళలో, చంద్రగిరి కొండ మీద, క్రీస్తు శకము 600 ప్రాంతపు శాసనం మొదలుకొని ఎందరో జైన మునులు, శ్రావకులు సల్లేఖన వ్రతంతో దేహం చాలించిన సంగతి రాళ్ల మీద చెక్కి ఉన్నది. ఆహారమును క్రమక్రమంగా విడిచిపెట్టే వ్రతమది. 2015లో రాజస్థాన్ హైకోర్టు అది ఆత్మహత్యయే అన్నది; అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. మేము ఈ రెండింటిని లివింగు విల్లుతో కలిపి ముడిపెట్టుట లేదు. వ్రతం వేరు, యంత్రమును వద్దనుట వేరు. చివరి రోజులు ఎట్లుండవలెనో తాను చెప్పుకొనే వాడుక ఈ నేలలో ఉన్నదని మాత్రమే మా మాట.

పాత రోజులలో ఈ చిక్కు రాకపోవుటకు కారణం మన తాతల వివేకమొక్కటే కాదు, ఆనాడు యంత్రాలు లేకపోవుట. ఊపిరి ఆడించే యంత్రము, గుండెను తిరిగి కొట్టించే విద్య, ముక్కులో గొట్టంతో ఆహారం పంపే ఉపాయము ఇరవయ్యవ శతాబ్దపు నడిమి భాగంలో ఆసుపత్రులకు వచ్చినవి. అవి లక్షల ప్రాణాలు నిలిపినవి. వాటిని ఆడిపోసుకొనుట కృతఘ్నత. కాని బాగుపడే రోగికి ఆసరాగా పుట్టిన యంత్రము, బాగుపడని రోగికి కూడ అలవాటుగా తగిలించుట మొదలైనది. అప్పుడు చికాగో నగరపు వకీలు లూయీ కట్నర్ అనే ఆయన 1969లో ఒక న్యాయశాస్త్ర పత్రికలో వ్యాసం వ్రాసి, ఆస్తికి వీలునామా ఉన్నట్లే దేహానికి కూడ ఉండవచ్చునన్నాడు. లివింగు విల్లు అనే పేరు ఆయన పెట్టినదే.

పేరు పుట్టినది గాని అక్కర కొన్నాళ్లకు గాని తెలియలేదు. 1975లో కారెన్ క్విన్లన్ అనే ఇరవై ఒక్క ఏండ్ల పిల్ల స్పృహ తప్పి మరి లేవలేదు. తండ్రి కోర్టుకు పోగా 1976లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు యంత్రం తీయవచ్చునన్నది. తీసినారు. విచిత్రమేమనగా ఆ పిల్ల తనంత తాను ఊపిరి పీలుస్తూ, గొట్టంతో ఆహారం అందుకొంటూ 1985 వరకు బ్రతికినది, స్పృహ లేకుండగనే. ఆ 1976లోనే కాలిఫోర్నియా రాష్ట్రం ఇటువంటి పత్రాలకు చట్టం చేసినది. మరి 1990లో చేసిన ఒక కేంద్రచట్టం 1991 డిసెంబరునుండి అమలై, ప్రభుత్వ సొమ్ము పుచ్చుకొనే ప్రతి ఆసుపత్రీ, ప్రతి వృద్ధుల నర్సింగుహోమూ, మనిషిని చేర్చుకొనే నాడే "మీకు ఇటువంటి పత్రమున్నదా?" అని అడిగి తీరవలెనని విధించినది. అమెరికాలో తల్లిదండ్రులను పెట్టుకొన్న మనవారికి ఈ ప్రశ్న అనుభవమే. సమ్మతి పత్రాల దొంతరలో అదొకటిగా సంతకం చేసి వచ్చేస్తారు.

అడుగుట ఒకటి, ఆ కాగితము సమయానికి చేతిలో ఉండుట మరొకటి. ఆశ్రమం బీరువాలో పత్రముంటుంది, మనిషి అంబులెన్సులో ఉంటాడు. దీనికి ఆరిగన్ రాష్ట్రంవారు 1990 దశకంలో ఒక ఉపాయం చేసినారు. వైద్యుడు సంతకం చేసిన గులాబీరంగు కాగితం ఒకటి రోగితో పాటే తిరుగుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు రిఫ్రిజిరేటరు తలుపుకు అంటించి ఉంటుంది. పార్సెలుతో పాటు వేబిల్లు పోవలెననే సూత్రమే ఇది. వేబిల్లు లేని పార్సెలు ఏ స్టేషనులో దిగుతుందో, ఎన్నాళ్లు పడివుంటుందో మా గూడ్సు గుమాస్తాలను అడిగితే చెబుతారు.

ఇక మన దేశపు కథ. అందులో మొదటి పేరు కర్ణాటకపు ఆడపడుచుదే. ఉత్తర కన్నడ జిల్లా హళదీపురం నుండి బొంబాయి వెళ్లి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరులో అక్కడి ఊడ్పు పనివాడు ఒకడు కుక్కగొలుసును మెడకు బిగించి అత్యాచారం చేసినాడు. మెదడు దెబ్బతిన్నది. 2015 మే 18న పోయేవరకు నలుబది రెండు సంవత్సరాలు ఆమె ఆ ఆసుపత్రిలోనే ఉన్నది. తరాలు మారినా అక్కడి నర్సులు ఆమెను కన్నబిడ్డవలె చూచుకొన్నారు. ఆమెకు ఆహారము నిలిపివేయుటకు అనుమతి కోరిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2011 మార్చి 7న కొట్టివేసినది. కాని ఆ తీర్పులోనే, కొన్ని కట్టుబాట్లకు లోబడి, హైకోర్టు అనుమతితో, వైద్యమును విరమించవచ్చునని మొదటిసారి చెప్పినది. ఆమె మనసులో ఏమున్నదో ఎవరికి తెలియును? అడుగుటకు వీలు లేకుండ పోయినది. నర్సులు వద్దన్నారు, కోర్టు నర్సుల మాటనే పాటించినది. అది సబబేనని మాకు తోస్తుంది.

మన తెలుగు రాజధానిలో 2004లో ఇంకొక వ్యాజ్యం వచ్చినది. కె. వెంకటేశ్ అనే ఇరవై అయిదేండ్ల చదరంగ క్రీడాకారునికి కండరాలు క్షీణించే జబ్బు. తాను ఎట్లాగూ దక్కనని తెలిసి, అవయవాలు చెడిపోకముందే ఇతరులకు ఇచ్చి పోతానని అతడు, అతని పక్షాన తల్లి, హైదరాబాదులోని హైకోర్టును వేడుకొన్నారు. మెదడు మరణించినదని నిర్ధారణ కానిదే అవయవాలు తీయరాదని 1994 చట్టం గనుక కోర్టు ఒప్పుకొనలేదు. ఆ డిసెంబరులోనే అతడు పోయినాడు. అతడు కోరినది లివింగు విల్లు కోరేదానికంటె చాలా పెద్దది, చట్టం ఒప్పే వీలులేనిది. అయినా రోగి తన నోటితో, పూర్తి తెలివితో, ముందుగా చెప్పిన మాటకు విలువ ఎంత అనే ప్రశ్నను తెలుగు ఇండ్లలోకి తెచ్చినవాడు ఆ కుర్రవాడే.

ఇక్కడ మన తెలుగువారి పాత్ర మరియొకటి ఉన్నది, అది కొంత తమాషా అయినది. 2006లో లా కమిషను తన 196వ నివేదికలో, నయం కాని రోగికి యంత్రాలు తీసిన వైద్యుడిని నేరస్థుడిగా చూడరాదని చెప్పినది. ఆ కమిషను అధ్యక్షులు మన జస్టిస్ ఎం. జగన్నాథరావుగారు. కాని అదే నివేదిక లివింగు విల్లు వ్రాసినా చెల్లరాదని కూడ అన్నది. 2012లో మరల 241వ నివేదిక వచ్చినది. అప్పటి అధ్యక్షులు కూడ తెలుగువారే, జస్టిస్ పి.వి. రెడ్డిగారు. అందులోను ఆ పత్రానికి స్థానం దొరకలేదు. ఆస్తి కోసం ముసలివారిచేత వేలిముద్రలు వేయించుకొనే దేశంలో ఇటువంటి కాగితం ఏ చేతిలో పడుతుందో అనే భయం ఉండనే ఉన్నది. వారిని మేము తప్పుపట్టము. తాసిల్దారు కచేరీ చుట్టూ తిరిగినవారెవరైనా ఆ భయంలో అర్థమున్నదనే అంటారు. అయితే మోసం భయముతో నిజమైన కోర్కెను కూడ రద్దు చేయుట ఇల్లు కాలుతుందని పొయ్యి వెలిగించకపోవుట వంటిది.

2005లో కామన్ కాజ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యం పదమూడేండ్లు నడిచి, 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది. గౌరవంగా చనిపోవుట రాజ్యాంగపు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్నారు. ముందుగా వ్రాసిపెట్టిన పత్రం చెల్లుతుందన్నారు. కాని భయము పూర్తిగా పోనందున పత్రానికి మొదటి తరగతి మేజిస్ట్రేటు సంతకం కావలెనన్నారు. ఎనభై ఏండ్ల ముసలాయన ఆశ్రమంనుండి కోర్టుకు ఎప్పుడు పోవును, మేజిస్ట్రేటుగారికి తీరిక ఎప్పుడు చిక్కును? అయిదేండ్లలో ఆ పత్రాలు పెద్దగా పుట్టలేదు. వైద్యుల సంఘమే మరల కోర్టుకు పోగా 2023 జనవరి 24న ఆ నిబంధన సడలినది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ఉంటే చాలును. గెజిటెడ్ అధికారి సంతకానికి మా ఆఫీసు వరండాలో ఎంతమంది నిలబడతారో ఎరిగిన మాకు ఇది గొప్ప మేలుగా కనిపించినది.

ఆ తీర్పుల ప్రకారం కాగితం ఉన్నంతమాత్రాన ఎవరూ వెంటనే యంత్రం తీసివేయరు. రోగి మాట చెప్పలేని స్థితిలో ఉండవలెను. నయమయ్యే ఆశ లేదని చూచే వైద్యుడు, మరి ఇద్దరు నిపుణులు కూడిన బోర్డు తేల్చవలెను. జిల్లా వైద్యాధికారి నియమించిన వైద్యుడు ఉన్న రెండవ బోర్డు దానిని బలపరచవలెను. ఒక్కొక్క బోర్డుకు రమారమి నలుబది ఎనిమిది గంటలు. పత్రంలో పేర్కొన్న ఆప్తులు సమ్మతించవలెను. మేజిస్ట్రేటుకు తెలియజేయవలెను. బోర్డులు కాదంటే హైకోర్టుకు పోవచ్చును. విషపు సూది వంటిది ఇందులో ఏ దశలోను లేదు, అది నేరమే. నొప్పి తగ్గించే మందు, నోరు తడిపే నీరు, ఒళ్లు తుడిచే చెయ్యి ఆగిపోవు. ఈ ఊరిలోనే 1994లో ఏర్పడిన ట్రస్టువారు 1999నుండి నడుపుతున్న కరుణాశ్రయలో, నయం కాని కాన్సరు రోగులకు పైసా తీసుకోకుండా చేసే సేవ అటువంటిదే.

కర్ణాటక ప్రభుత్వము 2025 జనవరి 30న ఉత్తర్వు వెలువరించి, ఈ రెండవ బోర్డుకు వైద్యులను నియమించే పద్ధతిని ఏర్పరచినది. పెద్దవారెవరైనా తమ తరపున నిర్ణయించుటకు కనీసం ఇద్దరి పేర్లు పత్రంలో వ్రాయవలెనని చెప్పినది. ఆ వార్తతో పాటు పత్రికలలో దావణగెరెకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయిని కరిబసమ్మగారి పేరు వచ్చినది. గౌరవంగా పోయే హక్కు కోసం రెండు దశాబ్దాలకు పైగా రాష్ట్రపతి మొదలు అందరికీ అర్జీలు పంపుకొన్న పెద్దామె. ఆమె కోరినదంతా ఈ ఉత్తర్వులో ఉన్నదని అనుకోరాదు. ఇది యంత్రాల మీద ఆధారపడిన, నయంకాని రోగికి మాత్రమే వర్తిస్తుంది.

ఇప్పుడు మన సంగతి. మేము ఇరవై ఏండ్లవాడుగా ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ప్రావిడెంటు ఫండుకు నామినేషను ఫారము నింపించినారు. పోతే డబ్బు ఎవరికి అని ఆ వయసులో అడిగితే మాకు అపశకునమనిపించలేదు. పెండ్లయిన తరువాత మార్చి వ్రాసినాము. వృద్ధాశ్రమంలో చేర్చేటప్పుడు మనము నింపే ఫారములో బి.పి., షుగరు, పథ్యము, బాధ్యుని ఫోను నంబరు ఉంటాయి. ఈ ఒక్క ప్రశ్న చాలాచోట్ల ఉండదు. ఉండమని మనమే అడుగవలెను.

ఆ పేర్ల విషయంలో మా సలహా ఒకటి: ఇద్దరిలో ఒకరైనా ఈ ఊరిలో ఉండేవారు కావలెను. మేమెరిగిన ఒక పెద్దాయన మొదట కొడుకు పేరు మాత్రమే వ్రాయించి, తరువాత ప్రక్కగది స్నేహితుని కొడుకు పేరు చేర్చినారు. అబ్బాయి మీద కోపమా మాస్టారూ అంటే, "కోపమెందుకు నాయనా, ఇక్కడ పగలైతే వాడికి అర్ధరాత్రి" అన్నారు.

మరొకటి భాష. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడిగారి బృందం 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దానిని బట్టి, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా వచ్చినదట. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడే ఊరిలో తేలిన సంగతి. కన్నడం కూడ చేర్చుకొన్న మనకు సంతోషించదగినదే. అయితే జబ్బు వచ్చి ముదిరిన తరువాత, తరువాత నేర్చినవి ముందు జారిపోయి తల్లి భాష మిగులుట ఆశ్రమాలలో మేము చూచినాము. ముప్పై ఏండ్లు కన్నడంలో బేరమాడిన మనిషి "దాహం" అని తెలుగులో అడుగుతుంటే నర్సుకు తెలియలేదు. కాబట్టి పత్రంతో పాటు ఒక చిన్న కాగితం మీద ఈ మనిషి తెలుగులో మాట్లాడును, దాహమనగా నీరు, నొప్పి అనగా నోవు అని కన్నడంలో వ్రాసి మంచం దగ్గర పెట్టుట మంచిది. తులసి తీర్థం కావలెనా, ఎవరు ప్రక్కన ఉండవలెను, ఆసుపత్రికి తరలించవలెనా లేక ఆశ్రమంలోనే ఉంచవలెనా అనేవి కూడ అందులోనే వ్రాయవచ్చును. చట్టం అడగకపోయినా చూచుకొనే ఆయాకు అక్కరకు వస్తుంది.

పత్రము పద్ధెనిమిదేండ్లు నిండి తెలివిలో ఉన్నవారెవరైనా, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయవచ్చును. మతిమరపు మొదలైన తరువాత వ్రాస్తే తగాదాకు దారి. ప్రతులు పేరున్న ఆప్తులకు, ఇంటి వైద్యునికి, ఆశ్రమం మేనేజరుకు ఇచ్చి, నగరపాలక సంస్థ నియమించే అధికారి వద్ద ఒకటి ఉంచవలెను. మనసు మారితే ఎప్పుడైనా వ్రాతమూలకంగా రద్దు చేసుకోవచ్చును, మార్చి వ్రాయవచ్చును. పాత ప్రతులను మాత్రం ఇచ్చినచోటినుండి తిరిగి తీసుకొని చింపివేయవలెను.